చెల్లుచీటి వ్రాయించుకొనిన శ్రీరామచంద్రుడు

గృహస్థాశ్రమమున సంభవించు కష్టములలో కొన్ని నలుగురితో చెప్పుకొనదగినవి, కొన్ని చెప్పుకొనరానివి. ఇంట జబ్బుచేసినచో ఇరుగుపొరుగువారు పరామర్శకు వత్తురు. కృష్ణకు వరద వచ్చి చేలు మునిగినచో ఊరివారు ఒకరినొకరు ఓదార్చుకొందురు. కాని వ్యాపారమున నష్టము వచ్చి, అప్పు తీర్చలేక, కోర్టు అమీనా జప్తు వారంటు చేతబట్టి గుమ్మము ముందు నిలిచిన దినమున ఆ గృహస్థుని పలుకరించువారు అరుదు. తెలిసినవారు తలవంచుకొని పోదురు. తెలియనివారు గుమికూడి చూతురు. పోవునది సామాను మాత్రమే యైనను, పోయినట్లు తోచునది మానము. అట్టి సమయమున భగవద్భక్తునకు శరణ్యమేమి? పురాణములును భక్తుల చరిత్రములును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవా? చెప్పినవి; మిక్కిలి స్పష్టముగా చెప్పినవి.

విజయవాడ వన్‌టౌనులోని ఒక చిన్న వస్త్రవర్తకుని ఉదాహరణముగ గ్రహింపవచ్చును. ఇట్టివారు ఏ ఊరి బజారునందైనను కనబడుదురు. ఆయన టోకు వర్తకులయొద్ద సరకు అరువు తెచ్చును. గుడివాడ, దివిసీమ ప్రాంతముల రైతు కుటుంబములకు పెండ్లిబట్టలు అరువుమీదనే ఇచ్చును. పంట చేతికి వచ్చినపుడు వారు చెల్లింతురు; వారు చెల్లించినపుడు ఈయన చెల్లించును. ఒక ఏడు కోతలవేళ తుపాను వచ్చినది. ధాన్యము తడిసి రంగుమారినది. ఊళ్లనుండి రావలసిన బాకీలు రాలేదు. టోకు వర్తకుడు ప్రామిసరీ నోటుమీద దావా వేసి, డిక్రీ పొంది, దాని అమలుకు పిటిషను పెట్టెను. మరునాటి ఉదయము అమీనా వచ్చునని ముందటి సాయంకాలమే గుమాస్తా చెవిని వేసెను.

ఆ రాత్రి ఆ ఇంట దీపము ఆఱలేదు. ఇల్లాలు మెల్లగా, "ఏమండీ, నా గాజులు, గొలుసు మా అన్నయ్య ఇంట దాచి వత్తునా?" అని అడిగెను. పెద్దకుమారుడు, "నాన్నగారూ, తెల్లవారులోగా సరకంతయు మామయ్యగారి గోడౌనుకు చేర్చుదము; వట్టి బీరువాలు చూచుకొని పోదురు" అనెను. రెండవవాడు ఉడుకురక్తమువాడు, "ఎవడు లోపల అడుగుపెట్టునో చూచెదను" అని లేచెను. శెట్టిగారు మాత్రము ఏమియు పలుకలేదు. ఆయన మనస్సు ప్రకాశము బ్యారేజి మీదికి, ఆ చీకటి నీటి మీదికి పోయి వచ్చుచుండెను. దాచుట, ఎదిరించుట, ప్రాణము తీసికొనుట: అప్పులవానికి ఆపద్రాత్రియందు తోచు మూడు త్రోవలు ఇవియే. మూడును త్రోవలు కావని పెద్దల చరిత్రములు చెప్పుచున్నవి.

మొదట ఒక మాట గుర్తుంచుకొనవలెను. అప్పు చేయుట పాపము కాదు. మానవుడు పుట్టుకతోడనే దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని వేదము తెలిసినవారు చెప్పుదురు. అంతియేకాదు, ఏడుకొండలపై వెలసిన స్వామియే ఋణగ్రస్తుడు. పద్మావతీదేవితో వివాహమునకై శ్రీనివాసుడు కుబేరునియొద్ద అప్పు తెచ్చుకొనెననియు, ఋణపత్రము వ్రాసి యిచ్చెననియు, దానికి బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షము సాక్షులనియు స్థలపురాణము. కలియుగాంతమువరకు వడ్డీ చెల్లించుచునే యుండునని భక్తులు ఆయనను వడ్డికాసులవాడని ప్రేమతో పిలుతురు. లోకములన్నియు తనవైన స్వామికి పత్రము వ్రాయుటేల? సాక్షులేల? ఇచ్చినవానికి ధైర్యముగ నుండుటకై పుచ్చుకొనినవాడు తన్నుతాను కట్టుబాటులో నిలుపుకొనవలెనని నేర్పుటకే. అప్పు అవమానము కాదు. అప్పును లేదనుట, ఎగవేయ జూచుట అవమానము.

ఇక మొదటి త్రోవ. దాచుట ఎట్టిదో బలిచక్రవర్తి చరిత్రము తెలుపును. శ్రీమద్భాగవతము అష్టమస్కంధమునందలి ఈ కథను పోతనామాత్యుని తెనుగులో వినని వైష్ణవగృహము లేదు. వామనుడు మూడడుగులు అడిగెను. బలి ఇత్తునని మాట యిచ్చెను. వచ్చినవాడు విష్ణువని గ్రహించి శుక్రాచార్యుడు శిష్యుని హెచ్చరించెను. ఆయన చెప్పినది సామాన్యుని సలహా కాదు. లోకము తెలిసిన గురువు చెప్పిన లౌక్యము. తెలిసినవాడు ధనమును అయిదు పాళ్లు చేసి, ధర్మమునకు, కీర్తికి, తిరిగి ధనార్జనకు, భోగమునకు, స్వజనమునకు వినియోగించుకొనవలెననెను. జీవనోపాధికై ఆడిన అసత్యము నింద్యము కాదనెను. లేదని ఒక్కమాట అనుము, అంతయు దక్కుననెను. నేటికిని అప్పులవాని చెవిలో ఇదే సలహా ఊదువారు కలరు: ఆస్తి బావమరది పేర పెట్టుము, సరకు రాత్రికి రాత్రి దాటించుము, లేదనుము.

బలి గురువుతో వాదింపలేదు. గురువు చెప్పినది గృహస్థునకు సత్యమే కావచ్చునని యొప్పుకొనుచునే, ప్రహ్లాదుని మనుమడు ఇచ్చినమాట ఎట్లు కాదనుననెను. తరువాత జరిగినది జప్తు కాక మఱేమి? రెండడుగులతో భూమియు ఆకాశమును పోయినవి. మూడవ అడుగునకు బాకీ మిగిలెను. గరుత్మంతుడు వరుణపాశములతో చక్రవర్తిని కట్టివేసెను. ఆ సమయమున అక్కడికి తాత ప్రహ్లాదుడు వచ్చెను. బలి లేచి పూజింపలేడు, చేతులు కట్టుబడియున్నవి. తలమాత్రము వంచెను, కన్నుల నీరు నిండెను, సిగ్గుతో మొగము దించుకొనెను. సర్వస్వము పోయిన గృహస్థుడు పెద్దలయెదుట తల యెత్తలేని ఆ నిముషమును భాగవతము దాచక చెప్పినది. మహాభక్తునకును ఆ సిగ్గు తప్పలేదు. కాని ప్రహ్లాదుడు మనుమని నిందింపలేదు. ఇచ్చినవాడవు నీవే, తీసికొనినవాడవు నీవే, రెండును అనుగ్రహమే యని స్వామిని స్తుతించి ప్రక్కన నిలిచెను. ఇంటికి అమీనా వచ్చిననాడు బంధువులు చేయవలసిన పని ఏదో ఇందు తెలిసికొనవలెను. సరకు దాచిపెట్టుటకు గోడౌను ఇచ్చువాడు బంధువు కాడు. తలదించుకొనినవాని ప్రక్కన నిలుచువాడే బంధువు. చివరకు బలికి దక్కినదేమి? సుతలలోకము, ఆ లోకమున తన వాకిట గదాధరుడై కాపు నిలిచిన శ్రీహరి.

లౌకికముగ చూచినను దాచుట వలన మేలు లేదు. అప్పులవారిని మోసగించుటకై చేసిన బదిలీ చెల్లదనిపించుకొను హక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము అప్పులవారికి ఇచ్చినది. జప్తు తప్పించుటకు మోసముతో సరకు దాచుట శిక్షకు పాత్రమైన నేరము. ధర్మము చేతులు కట్టని చోట చట్టము కట్టును. మఱి ఆ ఇల్లాలి గాజుల మాట ఏమి? ఆమె పుట్టింటివారు పెట్టిన స్త్రీధనము ఆమెది. భర్త వ్యాపారపు బాకీకి అది చెందదు. పొరపాటున జప్తుచేసినచో అది తనదని ఆమె కోర్టులో క్లెయిము పిటిషను పెట్టుకొనవచ్చును. మంగళసూత్రమువంటి, మతాచారముచే స్త్రీ విడువరాని ఆభరణములను చట్టమే ముట్టరాదన్నది. సత్యము చెప్పినచో నిలుచు సొత్తును దొంగసొత్తువలె దాచుకొనుట యెందుకు?

రెండవ త్రోవ ఎదిరించుట. దీనికి సమాధానము విజయవాడకు దిగువన, కృష్ణ ఒడ్డుననే దొరకును. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు విజయవాడలో కొన్ని దినములు విడిసి, నేటి కృష్ణాజిల్లా ఘంటసాల మండలమునందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించెను. ఆ రాత్రి స్వప్నమున స్వామి ఆజ్ఞాపింపగా ఆముక్తమాల్యద రచించితినని రాయలే చెప్పుకొనెను. ఆ కావ్యమునందలి మాలదాసరి కథ అప్పులవాడు వినవలసిన కథ.

మాలదాసరి తిరుక్కురుంగుడి స్వామిని తెల్లవారుజామున మంగళకైశికి పాడి మేల్కొలుపు పరమభాగవతుడు. ఒకనాడు వేళ గుర్తింపక నడిరేయి బయలుదేరి, త్రోవ తప్పి, మఱ్ఱిచెట్టు క్రింది బ్రహ్మరాక్షసుని చేత చిక్కెను. ముందు పెనుగులాడెను, ఓడెను. ఓడినపిమ్మట ఆయన చేసినది గమనింపదగినది. "నన్ను విడువుము" అని అడుగలేదు, గడువు అడిగెను. స్వామికి పాట పాడి వచ్చెదను, పిమ్మట ఈ దేహము నీది అనెను. రాక్షసుడు నవ్వెను, నోటిముందరి తిండిని విడిచిన తిరిగివచ్చునా యనెను. దాసరి శపథములు చేసి, విడిపించుకొని, పోయి, పాడి, తిరిగి వచ్చెను. అన్న వేళకు వచ్చెను. ఆ రాక రాక్షసుని మనస్సును కరగించెను. మ్రింగజూచినవాడే కాళ్లపైబడి, ఒక్క పాట ఫలమిచ్చి తన్ను కాపాడుమని వేడుకొని, రాక్షసత్వము పోగొట్టుకొనెను.

గడువు అడుగుట దైన్యము కాదు. అడిగిన గడువుకు రాకపోవుటయే దైన్యము. అప్పులవానికిని చట్టము ఈ ద్వారము తెఱచి ఉంచినది. డిక్రీ అయిన పిమ్మటకూడ, డిక్రీదారుడు సమ్మతించినచో, వాయిదాల పద్ధతిని సొమ్ము చెల్లించుటకు కోర్టు ఉత్తరువు ఈయవచ్చును. జప్తయిన సరకు వేలమునకు వచ్చిన దినమునగూడ, పాట కొట్టివేయుటకు ముందు బాకీయు ఖర్చులును వేలము వేయు అధికారికి చెల్లింపవచ్చినచో వేలము ఆపవలెనని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు చెప్పుచున్నది. చివరి నిముషమువఱకు తలుపు మూయబడలేదు.

అమీనాను అడ్డగించి ప్రయోజనము లేదు. ఆయన పగవాడు కాడు. కోర్టు చేయి మాత్రమే. కాని ఆ చేతికిని హద్దులు కలవు. వాటిని తెలిసికొనుట ఎదిరించుట కాదు. వారంటుమీద కోర్టు ముద్రయు, అధికారి సంతకమును, ఏ తేదీలోగా అమలు జరుగవలెనో ఆ తేదియు ఉండవలెను. వాటిని చూపుమని మర్యాదగా అడుగవచ్చును. సూర్యుడు అస్తమించిన పిమ్మట, ఉదయించుటకు ముందు, నివాసగృహమున ప్రవేశింపరాదు. గృహస్థుడు, భార్య, పిల్లలు కట్టుకొను బట్టలు, వంటపాత్రలు, పడకలు జప్తుచేయరాదు. చేతిపనివాని పనిముట్లు, రైతు నాగలి, బ్రదుకుతెరువునకు కావలసినవని కోర్టు తలచిన పశువులు, విత్తనపు గింజలు ముట్టరాదు. కొండపల్లి బొమ్మలు చెక్కువాని ఉలి, పెడనలో కలంకారీ వేయువాని కొయ్య అచ్చు ఇట్టివే. వర్తకుని లెక్కల పుస్తకములును జప్తునకు చెందవు. అప్పు చేయునపుడే యంత్రమునో, ఇంటినో కుదువపెట్టినచో ఆ కుదువ సంగతి వేరు. బ్యాంకులు 2002 నాటి చట్టము క్రింద కోర్టుకు పోకయే అట్టి ఆస్తిని స్వాధీనపరచుకొనగలవు. కనుక కుదువ వ్రాయునపుడే జాగ్రత్త యుండవలెను.

మూడవ త్రోవ చీకటిత్రోవ. దానికి సమాధానము చెప్పువాడు గోలకొండ చెఱసాలలోని ఒక భక్తుడు. విజయవాడకు వచ్చు యాత్రికులు ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలను చూతురు. గుహలు ఎంతో ప్రాచీనములు; వాటికి నిలిచిన పేరు మాత్రము 17వ శతాబ్దమునందు గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రులైన అన్నదమ్ములది. 1672 మొదలు 1687లో కోట ఔరంగజేబు వశమగువఱకు తానీషా ఏలెను. కూచిపూడిని అచ్చటి భాగవతులకు అగ్రహారముగ ఇచ్చినవాడును ఆయనయే యని ప్రసిద్ధి. ఆ మంత్రుల మేనల్లుడు నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచర్ల గోపన్న. లోకము ఎఱిగిన పేరు భక్త రామదాసు.

గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. భద్రాచలమున శ్రీరామునకు గుడి కట్టించెను, నగలు చేయించెను. దానికి వినియోగించిన సొమ్ము సర్కారు పన్ను సొమ్ము. ఆరు లక్షలని సంప్రదాయము. సుల్తాను బాకీదారుని చెఱలో పెట్టించెను. పండ్రెండేండ్లు అచ్చట మ్రగ్గెనని చెప్పుదురు. గోలకొండ కోటలో ఆ చెఱసాలను నేటికిని చూపుదురు. మేనమామలు మంత్రులైనను బాకీ మాఫీ కాలేదు. గోపన్న చెఱలో పాడిన కీర్తనలలో ఒకటి లెక్కల పుస్తకమువంటిది: ఏ నగకు ఎంత ఖర్చయినదో ఒక్కొక్కటిగ స్వామికి లెక్క చెప్పి, ఎవని సొమ్మని కులుకుచున్నావని నిలదీసెను. మఱుక్షణమే, దెబ్బలకు ఓర్వలేక అంటిని, కోపింపకుమని వేడుకొనెను. భక్తునకు దుఃఖము ఉండదని ఎవరును చెప్పలేదు. దుఃఖమును ఎవరితో చెప్పుకొనవలెనో గోపన్నకు తెలిసియుండెను. ప్రాణము విడుచుటకు మాఱు పాట పాడెను. ఆ పాటలు నేటికిని తెనుగువారి ఇండ్లలో మ్రోగుచున్నవి.

తరువాతి కథ బాలురకును తెలిసినదే. ఒక రాత్రి ఇద్దఱు యువకులు తానీషా పడకగదికి వచ్చి, రామోజీ లక్ష్మోజీలమని చెప్పుకొని, ఆరు లక్షలు రాశి పోసి, గోపన్న బాకీ తీరినదని చీటి వ్రాయుమని అడిగి, వ్రాయించుకొని, దానిని చెఱసాలలో నిదురించుచున్న గోపన్న తలదాపున ఉంచిరి. ఈ కథను వినువారు సాధారణముగ రాశిగ పోసిన మాడలను తలచి ఆశ్చర్యపడుదురు. అంతకంటె ఆశ్చర్యకరమైనది ఆ చీటి.

స్వామి తలచుకొనినచో చెఱసాల గోడలు కూలవా? కావలివారు నిద్రపోరా? కృష్ణావతారమున దేవకీవసుదేవుల సంకెళ్లు ఊడలేదా? ఇచ్చట ఆ పని చేయలేదు. సుల్తాను మనస్సు మార్చి బాకీ కొట్టివేయింపలేదు. నా గుడికే గదా ఖర్చయినది, నీకేమి బాకీ యని అడుగలేదు. సొమ్ము ప్రజల పన్ను. దాని లెక్క ప్రభువునకు చెందవలెను. ఖర్చుచేసిన ఉద్దేశము ఎంత పవిత్రమైనను అనుమతి లేక చేసినది బాకీయే. ఈ న్యాయమును శ్రీరామచంద్రుడే ఒప్పుకొనెను. ఒప్పుకొని, పూర్తిగ చెల్లించి, చెల్లుచీటి వ్రాయించుకొనెను. భగవంతుడు అప్పును చెఱపలేదు, తీర్చినాడు. ఈ ఒక్క మాటయందు ఋణధర్మమంతయు ఇమిడియున్నది.

చీటి వ్రాయించుకొనుట స్వామికి అనవసరమా? కోదండపాణి మాటకు సాక్ష్యము కావలెనా? కాని ఆయన మానుషధర్మమున వచ్చెను గనుక మనుష్యులు చేయవలసిన పనియే చేసెను. ఈ పని మఱచి చెడిన సంసారములెన్నో కలవు. బాకీ చెల్లించితిమి గదా, తెలిసినవాడే గదా యని చీటి తీసికొనక, నోటు వెనుక చెల్లు వేయించుకొనక, తిరిగి అదే బాకీకి జప్తు తెచ్చుకొనినవారు కలరు. డిక్రీ సొమ్ము కోర్టు బయట చెల్లించినచో ఆ సంగతి కోర్టున నమోదు కావలెను. నమోదుకాని చెల్లింపును అమలుచేయు కోర్టు లెక్కింపదు. డిక్రీదారుడు తెలుపనిచో బాకీదారుడే 30 దినములలోగా కోర్టును ఆశ్రయింపవలెను. పల్లెటూరి చదువురాని ముదుసలికి ఈ సూత్రము చెప్పవలసివచ్చినచో ఒక్క మాట చాలును: రాముడంతవాడే రసీదు తీసికొనెను.

అప్పు కొఱకు ప్రాణము తీసికొనుట ధర్మము కాదనుటకును ఈ కథయే సాక్షి. అప్పు ధనముమీద ఉన్నది, ప్రాణముమీద లేదు. స్వామి గోపన్న ప్రాణమును బాకీ క్రింద జమకట్టలేదు. ధనమునకు ధనమే చెల్లించెను. నేటి న్యాయమును ఆ మాటయే చెప్పుచున్నది. నిజముగ చెల్లించు శక్తి లేనివానిని, మోసబుద్ధి లేనివానిని, కేవలము బీదతనమునకు జైలులో పెట్టరాదని 1980లో సుప్రీంకోర్టున జస్టిస్ కృష్ణయ్యరు తీర్పు చెప్పెను. సొమ్ము డిక్రీ క్రింద స్త్రీని అరెస్టు చేయనేరాదు. చనిపోయినవాని బాకీ అతడు విడిచిన ఆస్తిమేరకే వారసులకు చెందును. కావున శెట్టిగారు నీటిపాలైనచో బాకీ తీరదు. తీర్చవలసిన చేతులు మాత్రము పోవును. ఇల్లాలి కన్నీటికి, పిల్లల దిక్కులేనితనమునకు చెల్లుచీటి ఎవరు వ్రాయగలరు? మనస్సు అట్టి చీకటి త్రోవ పట్టినవాడు ఆ రాత్రి ఒంటరిగ ఉండరాదు. భార్యతోనో, స్నేహితునితోనో, వైద్యునితోనో నోరు విడిచి చెప్పవలెను. గోపన్న గోడలతోనైనను చెప్పుకొనెను, మౌనముగ ఉండలేదు.

ఇంతవఱకు చెప్పినది అప్పు తీసికొనినవానికి. ఇచ్చినవానికిని స్వామి ఒక పాఠము ఉంచెను. దానిని చూచుటకు కృష్ణ దాటి మంగళగిరి కొండ ఎక్కిన చాలును. పానకాలస్వామికి బిందె పానకము సమర్పించినను, చెంబు పానకము సమర్పించినను, స్వామి సగమే ఆరగించి సగము భక్తునకే ప్రసాదముగ విడుచును. అంతయు పుచ్చుకొను అధికారము ఉన్నవాడు సగము మిగుల్చుచున్నాడు. వంటపాత్రలును పడకలును ఉలియు నాగలియు ముట్టరాదను చట్టమును, ఎదుటివాడు తిరిగి బ్రదుకుటకు కావలసినది మిగుల్చుమనుచున్నది. తన హక్కును కడపటి చుక్కవఱకు పిండుకొనువాడు స్వామి వదలిన సగమునుగూడ త్రాగజూచువాడు.

ధర్మశాస్త్రకారులు అసలును మించి వడ్డీ పెరుగరాదనిరి. కృష్ణాడెల్టా మదరాసు రాష్ట్రమున ఉన్న కాలమున, 1938లో వచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును, పాత బాకీలలో అసలుకు రెండింతలు చెల్లించిన రైతు అప్పు తీరినట్లే యని ఈ ధర్మమునే అనుసరించెను. దీనిని మఱచినచో ఏమగునో విజయవాడ చూచినది. 2015 డిసెంబరులో కాల్ మనీ వ్యవహారము బయటపడినపుడు, ఫోను చేసినంతనే అప్పు ఇచ్చి, ఖాళీ చెక్కులమీదను నోట్లమీదను సంతకములు పెట్టించుకొని, మోయలేని వడ్డీలు గుంజి, ఇండ్లు స్వాధీనము చేసికొని, స్త్రీలను వేధించిన ఉదంతములు పత్రికల కెక్కినవి. డిక్రీయు వారంటును లేక అప్పులవాడు పంపిన మనుష్యులు సామాను మోసికొనిపోవుట జప్తు కాదు, దౌర్జన్యము. అట్టివారికి తలుపు తీయనక్కరలేదు, పోలీసులకు తెలుపవలెను. కోర్టు ముద్రకు తలవంచుట ఎంత ధర్మమో, దౌర్జన్యమునకు తలవంచకుండుటయు అంత ధర్మము.

ఇప్పుడు మరల ఆ వన్‌టౌను ఇంటికి రావలెను. తెల్లవారినది. సరకు గోడౌనుకు పోలేదు. గాజులు ఇల్లాలి చేతులకే ఉన్నవి. శెట్టిగారు స్నానముచేసి, నామము దిద్దుకొని, పట్టాభిషేకపు పటము ముందు దీపము పెట్టి, అమీనాకు తామే తలుపు తీసిరి. ఉడుకురక్తపు కుమారుడు వారంటు అడిగి చదివెను. పెద్దవాడు ఒక్కొక్క తాను లెక్కపెట్టుచు పట్టిక వ్రాసికొని, ఆ పట్టికపై అమీనా సంతకము తీసికొనెను. వీధిలో నలుగురు గుమికూడిరి. వారిలోనుండి ఎదురింటి ముదుసలి ఒకాయన వచ్చి, మాటలేమియు ఆడక, శెట్టిగారి ప్రక్కన అరుగుమీద కూర్చుండెను. బీరువాలు ఖాళీ అగుచుండగా ఇల్లాలు లోపలినుండి రెండు గ్లాసులతో మంచినీరు తెచ్చి, ఒకటి ఆ పెద్దకు, ఒకటి అమీనాకు ఇచ్చెను.

ఆ నాటికి బాకీ తీరలేదు. సరకు వేలమున ఎంతకు పోవునో తెలియదు. మిగిలిన దానికి వాయిదాలు కట్టవలసియుండును. ఊళ్లకు పోయి రావలసిన బాకీలను మెల్లగ రాబట్టుకొనవలసియుండును. రామోజీ లక్ష్మోజీలు ఆ ఇంటికి మాడలు తీసికొని రాలేదు. కాని స్వామి రాలేదని ఎవరు చెప్పగలరు? దాచవలెనను బుద్ధిని మాన్పించినవాడు, కోపమును చల్లార్చినవాడు, బ్యారేజివైపు పోయిన మనస్సును ఇంటికి త్రిప్పినవాడు, ఎదురింటి పెద్దను అరుగుమీద కూర్చుండబెట్టినవాడు ఎవడు? బలివాకిట కాపు నిలిచినవాడే ఆ వాకిటను నిలిచియుండెను.

అప్పు తీసికొనువాడు మాట నిలుపుకొని, ఇచ్చువాడు సగము మిగిల్చి, చూచువాడు ప్రక్కన నిలుచుచో, ఏ ఇంట జప్తు జరిగినను ఆ ఇంట మానము జప్తు కాదు. తీర్చిన ప్రతి బాకీకి చెల్లుచీటి తీసికొని, దానిని శ్రీరాముని పటము వెనుక భద్రపఱచుకొనుట మంచిది. ఆ అలవాటు పెట్టినవాడు ఆయనయే గదా.

శ్రీసీతారామార్పణమస్తు.